అత్త నడుం తొక్కినా

ముదలియార్‌పేట, పాండిచ్చేరి
18-6-2003

అమ్మకు లోకేశ్వరి దండాలు. నేను బాగుండాను, దిగులు పెట్టుకోవద్దు.

మొన్న మా అత్త బియ్యం మూట జరపబోతే నడుం పట్టేసింది. ఆముదం రుద్దినా, ఉప్పు కాపడం పెట్టినా తగ్గలా. ఎదురుకాళ్లతో పుట్టినోళ్లు తొక్కితే పోతుందని, అట్టాంటోళ్లు యాడన్నా ఉండారా అని వీధంతా అడిగించింది. నేనే అట్టా పుట్టినానని చెప్పేదానికి నాకు నోరు రాలా. కొత్త కోడలు అత్త మీద కాలు పెట్టేదా! కడాకు మీ అల్లుడే చెప్పేసినాడు. "ఏందే, ఇంత నొప్పి చూస్తా కూడా దాచినావా? రా, తొక్కు" అని అత్త చాప మీద బోర్లా పడుకునింది. ముందు ఆమె కాళ్లు మొక్కి, తర్వాత మెల్లగా తొక్కినా. సాయంత్రానికి లేచి, తనే నాకు తల దువ్వి పూలు పెట్టింది. ఇప్పుడు పక్కింటోళ్లు కూడా చాపలు ఎత్తుకోని వస్తుండారు!

ఎవరన్నా ఇటు వస్తే మనింట్లో కాచిన ఆముదం ఒక సీసా పంపు. నాయన దగ్గుకు మిరియాల కషాయం ఇస్తుండావా? ఆయనకు నా దండాలు చెప్పు.

అమ్మా, నీకు నడుం పట్టినప్పుడల్లా తొక్కేది నేనే గదా. ఇప్పుడు ఎవరు తొక్కుతుండారు? మన ఆషాఢం మాదిరే ఈడ ఆడి నెలకు నన్ను పుట్టింటికి పంపుతారంట. అందాకా నీళ్ల బిందె ఎత్తొద్దు. ఎత్తితే నా మీద ఒట్టు.

నీ లోకేశ్వరి