దయ్యాల వారం వద్దన్నారు

కర్నూలు, 1955 ఏప్రిల్, ఆదివారం

థూ! తలుచుకుంటేనే అసహ్యం వేస్తోంది. వేసవి సెలవుల్లో పిల్లల చేత ఏం చదివించాలో తేల్చడానికి ఇవాళ కమిటీ వాళ్లం గ్రంథాలయంలో కూర్చున్నాం. ఒక వారం దయ్యాల కథలు, ఒక వారం దొంగల కథలు పెడదామన్నాను. కమిటీ అధ్యక్షుడైన ప్లీడరు నరసప్ప ముక్కు చిట్లించాడు.

"పిల్లోళ్లకు బుద్ధులు నేర్పల్లప్పా, దయ్యాలేంది?"

నాకు ఒళ్లు మండింది. "అట్లయితే వారానికొక పెద్దమనిషి చరిత్ర చదివిద్దాం సామీ, మీతోనే మొదలుపెడదాం" అని ఎగతాళి చేశాను.

"శానా బాగుండాది! నా చరిత్ర నువ్వే రాయల్లప్పా" అని మురిసిపోయాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

దయ్యాల కథలంటూ నేను ఊరించిన పిల్లలకు రేపు ఏ మొహం చూపించను?

సరే, రాస్తాను. మొదటి పేజీలోనే నరసప్ప చచ్చి, దయ్యమై, గ్రంథాలయం వెనక చింతచెట్టు ఎక్కుతాడు. ఆ తర్వాత...