ఆకుపచ్చ వెల్లుల్లి

జనవరి 26, సోమవారం

ఇవాళ లాబా పండుగ. మా జినాన్‌లో ఇవాళ ప్రతి ఇంట్లో వెల్లుల్లి ఒలిచి వెనిగర్‌లో వేస్తారు. మా చైనీస్ కొత్త సంవత్సరం ముందురోజు మూత తీసేసరికి ఆకుపచ్చగా మారి ఉండాలి. మా ఇంట్లో అది నాన్న పని. ఈసారి దేశం కాని దేశంలో, ఈ ప్లోవ్‌దివ్‌లో నేనే వేసుకున్నాను. వేళ్ళంతా వెల్లుల్లి కంపు. హాయిగా ఉంది.

అమ్మకి ఫోన్ చేశాను. నాన్న స్నానానికి వెళ్ళాడట. నేనెప్పుడు చేసినా స్నానమే! ఇక్కడి స్కూల్లో చైనీస్ చెప్పడానికి ఇంకో ఏడాది కాంట్రాక్ట్ మీద, తనని అడక్కుండా సంతకం పెట్టానని అక్టోబర్ నుంచి నాతో మాటల్లేవు. ఒక్క మాట మాట్లాడితే ఆయన సొమ్మేం పోయింది?

ఫిబ్రవరి 3

ఇంకా తెల్లగానే ఉంది.

ఫిబ్రవరి 4, పొద్దున

అమ్మని అడిగాను. నాకేం తెలుసే, అది మీ నాన్న విద్య అంది. అంతలో వెనకనుంచి గొంతు. హీటర్ పక్కన పెట్టి ఉంటుంది పిచ్చిమొహంది, దానికి చలి కావాలి, చలి! నాన్నే. నాతో కాదు, గోడతో అన్నాడు. అయినా అన్నాడుగా! టీచర్, ఇవాళ ఎందుకలా నవ్వుతున్నారని క్లాసులో పిల్లలు అడిగారు. హోంవర్క్ ఇవ్వలేదు.

సాయంత్రం

కింద వాటాలో ఉండే ఇంటి ఓనరు స్తాంకా అవ్వని కాస్త చల్లటి చోటు అడిగాను. వెల్లుల్లికి చలేమిటే అని నవ్వి, నేలమాళిగలో తన పచ్చడి సీసాల పక్కన పెట్టుకోనిచ్చింది. నా మిరపకాయలకి ఏమన్నా అయిందో, నిన్నూ వాటితోపాటే ఊరబెడతానంది.

ఫిబ్రవరి 11

ఆకుపచ్చ! ఫొటో పంపాను. నాన్న కళ్ళజోడు తెచ్చుకుని మరీ చూశాడట.

ఫిబ్రవరి 16, సోమవారం

రేపే కొత్త సంవత్సరం. సెలవు పెట్టాను. అక్కడ పండుగ భోజనం వేళకి ఇక్కడ మధ్యాహ్నం. జ్యావ్‌జుల్లో కూరడానికి మాంసం కొట్టి, పిండి తడిపి, నంజుకునే వెల్లుల్లి కోసం కిందికి వెళ్ళాను. సీసా కడిగి బోర్లించి ఉంది.

అవ్వ ఎంత గర్వంగా చెప్పిందో! మొత్తం ఆకుపచ్చగా పాడైపోయింది పిల్లా, నేను చూడబట్టి బతికిపోయావు, పచ్చళ్ళు పెట్టీ పెట్టీ జుట్టు నెరిసింది నాకు, ఆమాత్రం తెలీదూ, పారబోశానంది.

మెట్ల మీద కూలబడి ఏడ్చాను. ఇల్లు కావాలనిపించింది. నాన్న కావాలనిపించింది. అవ్వ హడలిపోయింది. సంగతి తెలిశాక నెత్తి కొట్టుకుంది. ఏప్రన్ కట్టుకుని పైకొచ్చి నాతోపాటు జ్యావ్‌జులు మడిచింది. ఒక్కోటి చెప్పంత ఉంది.

వీడియోలో అమ్మకి చెబుతున్నాను. పారబోసిందా అంటూ నాన్న మొహం స్క్రీన్‌లోకి దూరింది. దగ్గొచ్చేదాకా నవ్వాడు. ఆవిడేదీ, చూపించు అన్నాడు. నీ కూతురు ఏడ్చి నన్ను చంపిందయ్యా అంది అవ్వ. నేనే తర్జుమా చేశాను. అది చిన్నప్పటినుంచీ అంతేనని చెప్పు అన్నాడు, నాతో. నాతోనే!

అవ్వ మిరపకాయలు నంజుకుని పొట్ట పగిలేలా తిన్నాను.

ఫిబ్రవరి 17

నాన్నే ఫోన్ చేశాడు. తిన్నావా అన్నాడు. తిన్నానన్నాను. వచ్చే ఏడాది ఈ రోజులకి అక్కడ చలెంత ఉంటుంది, నా పాత కోటు సరిపోతుందా అన్నాడు.

సరిపోదు, కొత్తది కొనుక్కో అన్నాను.