గాలిలా పోయే రైలు

మస్తాన్‌బీ,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున గురజాల టీ కొట్లో మాస్టారు పేపరు చదివి వినిపించారు. ఢిల్లీ వైపు బోలెడు డబ్బు పోసి, గాలిలా పోయే రైలుకు కొత్త పట్టాలు వేయాలని ఆలోచిస్తున్నారట.

"దాంతో మనకేంది మాస్టారూ?" అని అరిచాను.

"దేశం ముందుకు పోవద్దంటావా ఏంది, సైదా?" అన్నారాయన.

టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. నిరుడు కాన్పు కష్టమై నిన్ను మాచర్ల రైలుబండిలో గుంటూరు ఆసుపత్రికి తీసుకుపోతుంటే, ఒకటే లైను కావడంతో ఎదురొచ్చే బండికి దారివ్వడానికి సత్తెనపల్లిలో మన బండి ఆగింది. "ఇంకెంత దూరమయ్యా?" అని నువ్వు రెండుసార్లు అడిగావు. మూడోసారి అడగలేదు.

వేగం దండగని నేనెట్లా అంటాను? ఆ వేగం మన బండికెందుకు రాదని అడగాల్సింది. అదీ అడగలేక, టీ సగంలోనే వదిలేసి లేచి వచ్చేశాను.

నీ సైదా