టీకి ముందు బిళ్ళ

నాన్నా,

ఈరోజు నీ సంవత్సరీకం. పొద్దున్నే వంటలో ఉండాల్సిన అమ్మ నాతో ఆసుపత్రిలో కూర్చుంది. మొన్న నా కడుపులోకి గొట్టం వేసి చూస్తే పాలిప్స్, అంటే చిన్న బుడిపెలు, కనిపించాయి. ముక్క తీసి పరీక్షకు పంపారు. ఆ రిపోర్టు ఇవాళ వచ్చింది.

నీ రిపోర్టు వచ్చిన రోజు డాక్టరు నన్ను బయటికి పంపి అమ్మతో మాట్లాడాడు. అందుకేనేమో, ఈసారి అమ్మ నా చెయ్యి వదల్లేదు. డాక్టరు ఇంకా చదువుతూండగానే, "ఏటి బాబూ, మా ఆయనకొచ్చిందేనా?" అని అడిగేసింది.

"నహీ దీదీ, కేన్సర్ నహీ హై," అన్నాడాయన హిందీలో; అమ్మ తెలుగు ఆయనకు అర్థమవుతుంది. ఏళ్ల తరబడి మింగిన గ్యాస్ బిళ్ళల వల్లే ఈ బుడిపెలు వచ్చి ఉంటాయట. బిళ్ళలు ఆపేసి, ఏడాదికి మళ్లీ చూపించుకోమన్నాడు.

టీకి ముందు బిళ్ళ వేసుకోవడం నిన్ను చూసే నేర్చుకున్నాను. నిమ్‌పురా రైల్వే షెడ్డుకు డ్యూటీకి బయల్దేరే ముందు రోజూ ఒకటి వేసుకునేవాడివి. నీ జబ్బు ఆ బిళ్ళ చాటునే పెరిగింది.

ప్రతి సంవత్సరీకానికీ అమ్మ నీ ఫోటో ముందు టీ గ్లాసు, పక్కనే బిళ్ళ పెడుతుంది కదా. ఇవాళ ఇంటికి రాగానే టీ పెట్టింది. బిళ్ళల డబ్బా మీద చెయ్యి వేసి, ఆగిపోయింది.

"టీ సల్లారిపోతాది, తాగండి," అంది నీ ఫోటోతో. "ఇంక మీక్కూడా బిళ్ళలు బందు."