నీ కోసం వేడిచేసిన కారు

జనక్‌పురి,
జనవరి, ఆదివారం.

సౌభాగ్యవతి అరుంధతికి,

ఇక్కడ నేనూ వర్షిణీ కులాసాగానే ఉన్నాం. రాజమండ్రిలో నువ్వూ అలాగే ఉన్నావని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. ఫోన్లో అడిగితే "ఊఁ" తప్ప నేనేమీ అననని, అందుకే కాగితం మీద అడుగుతున్నానని రాశావు. నిజమే. రోజువారీ లెక్కలు రాసినంత తేలిగ్గా ఇది రాయలేను. ఓపిగ్గా చదువు.

గీజరు బాగుచేయించాను. వర్షిణికి దగ్గు తగ్గింది. తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పడం మాత్రం తగ్గలేదు. తిరిగి ఢిల్లీకి వస్తావో, ప్రమోషన్ మీద వెళ్లిన ఆ బ్యాంకు బ్రాంచిలోనే ఇంకో రెండేళ్లు ఉంటావో నెలాఖరులోగా చెప్పమన్నారనీ, నేనేమంటాననీ అడిగావు. దాని దగ్గరికి వస్తాను. ముందు కారు సంగతి.

కారు పాడైంది. ఎంతో జాగ్రత్తగా చూసుకున్నాను, ఎలా పాడైందో అర్థం కావడం లేదు. పొద్దున స్టార్ట్ చేస్తే లోపల టకటకమంటోంది. గ్యారేజీ సందీప్ ఇంజిన్లో ఆయిల్ కొలిచే పుల్ల తీసి వాసన చూశాడు.

"అంకుల్‌జీ, ఇందులో పెట్రోలు కలిసింది. రోజూ ఎంత దూరం తిప్పుతారు?"

"ఎక్కడికీ తిప్పను. నేను మెట్రోలో వెళ్తాను."

"స్టార్ట్ అయినా చేస్తారా?"

"రోజూ చేస్తాను. పది నిమిషాలు ఉంచి ఆపేస్తాను."

"అరే భయ్యా!" అని తల పట్టుకున్నాడు.

చలికి ఆయిల్ చిక్కబడి అడుక్కి దిగి ఉంటుందట. తాళం తిప్పాక అది పైకి ఎక్కేదాకా ఇనుమూ ఇనుమూ రాసుకుంటాయట. ఇంజిను అరిగేది ఎక్కువగా అప్పుడేనట. నిలబెట్టి ఉంచితే త్వరగా వేడెక్కదు, పెట్రోలు ఆయిల్లోకి దిగుతుంది. అర నిమిషం ఆగి, మెల్లగా నడుపుతూ వేడెక్కించాలట. చలికి పనికొచ్చే పల్చటి ఆయిల్ పోశాడు.

పై అంతస్తు జనార్దనరావుగారేమో, "వాడి మొహం! ఎయిర్‌ఫోర్స్‌లో పావుగంట వేడిచేయందే ట్రక్కు కదిలించేవాళ్లం కాదు" అన్నారు. కారుతో వచ్చిన పుస్తకం కూడబలుక్కుని చదివాను. పాత బళ్లకి ఆయన మాట, మన కారుకి సందీప్ మాట సరైనవని తేలింది.

అంతా విని వర్షిణి, "ఎక్కడికీ వెళ్లనప్పుడు అసలు స్టార్ట్ చేయడం ఎందుకు, నాన్నా?" అని హిందీలో అడిగింది. ఆ జవాబు నీకు రాస్తున్నాను.

నీకు చలి పడదు. నువ్వు కిందికి దిగేసరికి లోపల వెచ్చగా ఉండాలని పది నిమిషాల ముందే ఆన్ చేసేవాణ్ని. నువ్వు వెళ్లాక కూడా మానలేదు. పక్క సీటు ఖాళీగా పెట్టుకుని కూర్చుని, తర్వాత ఆపేసి, మెట్రోకి నడిచేవాణ్ని. బ్యాటరీ కోసమని నాకు నేనే చెప్పుకున్నాను. బ్యాటరీ కోసం కాదు.

రమ్మంటే నీ మేనేజరు కుర్చీకి అడ్డుపడ్డట్టు. ఉండమంటే నువ్వు నాకు అక్కర్లేదనుకుంటావేమో. ఏది న్యాయమో ఇప్పటికీ తెలియడం లేదు. కానీ నువ్వడిగింది న్యాయం కాదు, నేనేమంటానని. వచ్చెయ్యమంటాను. ఆపైన నీ ఇష్టం.

వస్తే ఒక్క మాట. ఇకమీద అర నిమిషానికి మించి ఆగను, సీటు చల్లగానే ఉంటుంది. నీ ఉన్ని శాలువా బీరువాలోంచి తీసి ఎండలో వేశాను.

ఇట్లు,
వర్షిణి నాన్న