ఒక మగ్గం, ఇద్దరు మనుషులు

అన్నా,

శనివారం నేనొక సంతకం చేయాలి. అందుకే నీకు రాస్తున్నాను. వికలాంగుల కేంద్రాల గ్రాంటును పరిశీలించే బృందానికి ఇప్పుడు నేనే పెద్దను.

నిన్న ఎమ్మిగనూరు కేంద్రంలో కాళ్ళు పడిపోయిన రంగప్ప చేత్తో పోగు నాడె విసురుతుంటే, మగ్గం గుంతలో అతని పక్కనే కూర్చున్న ఒంటిచేతి ఈరన్న కాళ్ళతో తొక్కుతున్నాడు. "మగ్గానికి ఒక్కరికే గ్రాంటు. రెండోవాణ్ణి తీసెయ్యాలి" అన్నారు మావాళ్ళు.

ఈరన్న నవ్వాడు. "ఇద్దరం కలిస్తేనే ఒక మనిసి, మేడం. ఎవర్ని తీసేస్తారో మీరే సెప్పండి."

ఆదోనిలో కాళ్ళు కదలని నీ పక్కన కూర్చుని తొక్కింది నేనే. "బడికి పోమ్మా, మగ్గం యాడికీ పోదు" అని పంపేవాడివి. నేను తిరిగొచ్చేదాకా అది ఆగి ఉండేది. నువ్వు చనిపోయి రేపటికి ఏడాది.

ఇద్దరికీ ఇవ్వాలని రాశాను. మిగతావాళ్ళు ఒప్పుకోలేదు; ఒక్కరికే అన్న కాగితం మీద నన్ను సంతకం చేయమంటున్నారు. మన మగ్గం నేసింది ఒకరా, ఇద్దరా? శనివారంలోపల జవాబు రాయన్నా.

నీ చెల్లెలు