కామరాతి కళ్లు

చిట్యాల,
ఫిబ్రవరి 17, 2019.

బాపుకు మంజులత నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ అమ్మా నేనూ బాగున్నాము. నువ్వు మమ్మల్ని విడిచి నందికొండలో వేరే కాపురం పెట్టినవాడివి, నీ క్షేమం అడగాలా వద్దా అని కాసేపు ఆలోచించి, అడగడానికే నిశ్చయించుకున్నాను. బీపీ మందులు వేళకు వేసుకో. ఫోన్‌లో నీ గొంతు వింటే చెప్పదలచుకున్నది చెప్పలేను, అందుకే ఉత్తరం.

పోయిన వానకాలం మన బీరప్ప గుడి గోడకు చెమ్మ దిగి, దాని మీద నువ్వు వేసిన కామరాతి అమ్మవారి బొమ్మ పెచ్చులూడింది. చిన్నప్పుడు నీ పక్కన కూర్చొని నేర్చుకున్న పనే కదా, అమ్మవారి చీర, నగలు, వెనుక గొర్రెల మంద నేనే మళ్లీ దిద్దాను. కళ్ల జోలికి మాత్రం పోవద్దన్నారు గుడి పెద్దలు. గవి మీ బాపే తెరవాలె అన్నారు. గుడి పెద్ద సాయిలు తాత నీకు ఫోన్ చేశాడనీ, నువ్వు బీరప్ప పండుగకు వస్తానన్నావనీ తెలిసింది.

ఆనవాయితీ నీకు కొత్త కాదు. చివరగా కళ్లు గీసి తెరిచే పొద్దున, బొమ్మ గీసేవాళ్ల ఇంటి ఇల్లాలు కుంచెకు బొట్టు పెట్టి ఇవ్వాలి. అందుకే తాత వచ్చి అమ్మ ముందు కూర్చున్నాడు. మనిషితోని మనకేం పని గుర్వమ్మా, చెయ్యి మంచిదైతే సాలదా, గీ ఒక్క పొద్దుకు ఓర్సుకో అన్నాడు. అమ్మ బియ్యం ఏరుతూనే, గా చెయ్యే గద పెద్దయ్యా నన్ను కొట్టింది అన్నది. ఇన్నేళ్లలో అమ్మ ఆ మాట పైకి అనగా నేను వినలేదు. తాత చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

ఊరికి తెలియనిది ఇంకొకటి ఉంది. మొదటిసారి ఆ కళ్లు తెరిచిన పొద్దున నువ్వు అమ్మ కుడిచెయ్యి విరగ్గొట్టావు. అమ్మ ఎడమచేత్తో కుంచెకు బొట్టు పెట్టింది, బాయికాడ జారిపడ్డ అని అందరికీ చెప్పింది. నువ్వు గుడికి వెళ్లి, చూసినవాళ్లు కంటతడి పెట్టేంత దయగల కళ్లు గీశావు. నువ్వు తాగి వచ్చే రోజుల్లో నేను ఆ కళ్ల ముందు నిలబడి, బాపు ఇయ్యాల ఇంటికి రావొద్దని మొక్కేదాన్ని. తెలియనిది ఎవరూ గీయలేరు కదా బాపూ. ఆ దయ నీకు తెలుసు. మరి ఇంట్లోకి ఎందుకు తేలేదు? ఈ ఒక్కటి అర్థం కాకుండానే పెద్దదాన్నయ్యాను.

పెండ్లాన్ని ఇడిసినోని బొమ్మ మనకెందుకు, సున్నం కొట్టుర్రి అన్నవాళ్లూ ఉన్నారు. వాళ్లను ఆపింది అమ్మే. ఆయన బొమ్మకు నేను వంక వెట్ట, నా బొట్టు మాత్రం ఆయన కుంచెకు రాదు అన్నది. అమ్మ మాటే నా మాట. నువ్వు బస్సెక్కకు.

ఇట్లు,
నీ బిడ్డ
మంజులత

తా.క. పైన ఒక సంగతి దాచాను. కళ్లు నిన్ననే తెరిచాము. అమ్మ పెద్దలను ఒప్పించి కుంచెకు బొట్టు పెట్టి నాకిచ్చింది, నేను గీశాను. సాయిలు తాత దగ్గరికొచ్చి చాలాసేపు చూసి, అచ్చం వాళ్ల బాపు చెయ్యే అన్నాడు. అమ్మ ముఖం తిప్పుకున్నది. నాకు కోపం రావాలి. రాలేదు, సంతోషమైంది. ఆ మాట అమ్మతో చెప్పలేను. నీకు ఉత్తరం రాయాలని కూర్చున్నది ఇందుకే.